పక్క కుర్చీ లేని పుస్తకం

పెళ్ళి సెలవు అయిపోయి ఆఫీసులో అడుగుపెట్టిన రోజునే ఆమెకు 'కొత్తపెళ్ళికూతురు' అన్న పేరు పడింది. ఒకసారి పడిన పేరు ఊరికే పోతుందా? హాజరు వేసేటప్పుడు, టీ పంచేటప్పుడు, ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నప్పుడు, అన్నిటికీ "కొత్తపెళ్ళికూతుర్ని పిలవండి" అనేవారు. ఆ మాటలో తీపి ఇంకా అయిపోలేదన్నట్టు పిలిచినప్పుడల్లా ఆమె నవ్వుతూ లేచేది.

ఆ ఆఫీసంటే ఒక బేకరీ పైన రెండు గదులు. మెట్లెక్కేవాళ్ళ వెంట బన్నులు కాలే వాసన కూడా పైకి వస్తుంది. ఇంట్లోనే కూర్చుని వెబ్ పేజీలు తయారుచెయ్యడం నేర్చుకోవాలనుకునే వాళ్ళకు పుస్తకాలు పంపించే సంస్థ అది. పుస్తకంలో పాఠం తక్కువ, అభ్యాసాలు ఎక్కువ. ఒక్కో అభ్యాసం చేసుకుంటూ పోతే చివరికి నేర్చుకునేవాడి చేతిలో సొంత పేజీ ఒకటి తయారవుతుంది. పక్కన గురువు ఉండడు, బెత్తం ఉండదు, పుస్తకమే అన్నీ.

ఇన్నాళ్ళూ పంపిస్తున్న పాత పుస్తకం ఎవరికీ కొరుకుడు పడలేదు. అది తెరిచినవాళ్ళలో సగంమంది మొదట్లోనే చాలించుకునేవారు. అందుకని సంస్థ నడిపే పెద్దాయన కొత్తది రాయించాలనుకున్నాడు. మాటకు ముందూ వెనకా చూడడని ఆయన్ని అందరూ ముక్కుసూటి సార్ అంటారు. ఆయన కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, కళ్ళ మీదికి దిగడం అరుదు. పార్సిళ్ళ మీద అడ్రసులు అతికించే బల్ల దగ్గర కూర్చునే కొత్తపెళ్ళికూతురు, డిగ్రీలో ఈ చదువే చదివిందని తెలిసి, ఆమెను పిలిచి పని అప్పగించాడు.

"చూడమ్మా, నాకు మొహమాటం లేదు. నెలాఖరుకు పుస్తకం ప్రెస్సుకు పోవాలి. అంతకుముందు ఏమీ తెలియని మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి నీ అభ్యాసాలు చేయిస్తాను. నిలబడ్డాయా, నీ పుస్తకమే వేస్తాను, ఇక మీదట రాసే పని నీదే. నిలబడలేదా, ఆ పాతదే మళ్ళీ వేస్తాను, నువ్వు నీ జిగురు డబ్బా దగ్గరికి వెళ్ళిపో."

"నిలబెడతాను సార్" అంది ఆమె. అడ్రసుల బల్ల అంటే ఆమెకు చిన్నచూపేమీ లేదు. కానీ రోజంతా వేళ్ళకు జిగురు అంటుకుని, తినే అన్నంలో కూడా ఆ వాసనే వచ్చేది. రాయడం మొదలుపెట్టాక ఆ వాసన పోయింది. మళ్ళీ ఆ బల్ల దగ్గరికి వెళ్ళడం అనే మాట తలచుకుంటేనే వేళ్ళు వాసన చూసుకునేది.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెబితే ఆమె భర్త చొక్కా చేతులు మడిచాడు. ఆయనది వీధి చివర కళ్ళజోళ్ళ షాపు. గోడ మీది అక్షరాలు చదివించి చూపు పరీక్షించడం, అద్దాలు బిగించి ఇవ్వడం ఆయన పని. కంప్యూటర్ అంటే ఆయనకు తెలిసింది బిల్లు కొట్టడం వరకే.

"ఏమీ తెలియని మనిషి కావాలంటే ఊరంతా ఎందుకు వెతకడం? ఇంట్లో నేను లేనూ?"

"ఆ ఒక్క విషయంలో మీకు సాటి ఎవరూ లేరు."

"అబ్బ, పెళ్ళయ్యాక మొదటిసారి పొగిడావు!"

అలా రోజూ పొద్దున్నే, ఆయన షాపు తెరిచేలోగా, వంటగది బల్ల మీద చదువు మొదలైంది. ఆ ఇంట్లో ఉన్న బల్ల అదొక్కటే. తిండీ అక్కడే, కంప్యూటరూ అక్కడే. దాని ఒక కాలు పొట్టి కాబట్టి కింద అట్టముక్క మడిచి పెట్టారు. కుర్చీలు రెండు. ఒకటి ఆయన బ్రహ్మచారి గది నుంచి తెచ్చుకున్నది, ఇంకొకటి పెళ్ళయ్యాక కొన్నది. రెండింటి ఎత్తూ వేరు. పొట్టి కుర్చీలో ఆయన కూర్చుంటే, ఎత్తు కుర్చీలో ఆమె కూర్చునేది. ఆమె గడ్డం సరిగ్గా ఆయన భుజం మీద ఆనేది. కుర్చీలు చేసినవాడు తమ కోసమే కొలత తీసుకున్నాడని ఆమెకు గట్టి నమ్మకం.

వెబ్ పేజీ చేసేవాళ్ళు తెర మీద రెండు కిటికీలు తెరుచుకుంటారు. ఒకదాంట్లో రాస్తారు, రెండోదాంట్లో రాసింది పేజీగా ఎలా ఉందో చూస్తారు. చూసే కిటికీ పేరు బ్రౌజర్. ఆయన కోడి గింజలు ఏరినట్టు ఒక్కొక్క మీటా ఏరి ఏరి నొక్కేవాడు. మొదటి అభ్యాసం, పేజీకి ఒక శీర్షిక పెట్టడం. 'మా ఇల్లు' అని కొట్టాడు. కొట్టి, వెనక్కి వాలి, ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఊపిరి పీల్చుకునే క్షణంలో ఎత్తు కుర్చీలోంచి ఆమె చెయ్యి ఆయన భుజం మీదుగా దిగి, రాసింది సేవ్ అయ్యే మీటలు నొక్కి, బ్రౌజర్ వైపు జరిగి, పేజీ కొత్తగా తెరుచుకునే మీట నొక్కి, మళ్ళీ భుజం మీదికి వచ్చేసింది. సేవ్ చెయ్యాలి, బ్రౌజర్‌ను రిఫ్రెష్ చెయ్యాలి, అప్పుడుగాని రాసింది పేజీలో కనబడదు. కానీ ఏళ్ళ తరబడి అలవాటు పడ్డ చేతికి అది రెప్ప వెయ్యడంలాంటిది. ఎప్పుడు రెప్ప వేశామో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? చెయ్యి వెళ్ళిందనీ ఆమెకు తెలియదు, వచ్చిందనీ తెలియదు. తెలిసిందల్లా, తెల్లటి తెర మీద పెద్ద అక్షరాలతో 'మా ఇల్లు' అని మెరవడం.

"వచ్చేసిందండీ!" అని చప్పట్లు కొట్టింది.

"వచ్చిందా? నా చేత్తోనే!" అని ఆయన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

తర్వాత పేరా వచ్చింది, జాబితా వచ్చింది, బొమ్మ వచ్చింది. జాబితాలో ఆయన ఇంట్లో ఉన్న వస్తువులు రాశాడు: ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక అట్టముక్క, ఒక భార్య. "నన్ను అట్టముక్క తర్వాత పెడతారా?" అని ఆమె మూతి ముడిస్తే, మర్నాడు వరస మార్చి పైన పెట్టాడు. వరస మార్చడమే ఆ రోజు అభ్యాసమని చెప్పి ఆమె దాన్నీ పుస్తకంలో ఎక్కించింది. ఏ అభ్యాసం ఇచ్చినా ఆయన ఇట్టే నెగ్గుకొచ్చాడు. తన పుస్తకానికి తిరుగులేదని ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది.

ఆఫీసులో ఈ సంగతి చెబితే ముక్కుసూటి సార్ నుదుటి మీది కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మీ ఆయన పక్కన నువ్వు కూర్చున్నావా?"

"కూర్చున్నాను సార్. కానీ నోరు మెదపలేదు. ఒట్టు."

"ఇల్లలకగానే పండగ కాదమ్మా. బయటి మనిషిని రానీ."

బయటి మనిషి ఎక్కడినుంచో రాలేదు, కిందినుంచే వచ్చింది. కింది బేకరీ నడిపే ఆవిడను పిల్లా పెద్దా అందరూ బేకరీ అక్క అనే పిలుస్తారు. ఆమెకు తన బేకరీ పేరున ఒక పేజీ ఉండాలని ఎప్పటినుంచో సరదా. ఒక మధ్యాహ్నం పిండి చేతులు కడుక్కుని, ఏప్రన్ విప్పకుండానే మెట్లెక్కింది.

"ఏం చెల్లీ, ఇది చేస్తే నా బేకరీ లోకమంతా కనిపిస్తుందా?"

"ముందు ఈ గదిలో కనిపించనీ" అన్నాడు ముక్కుసూటి సార్. ఆమెను లోపలి గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, పుస్తకం చేతికిచ్చి, తలుపు వేసేశాడు. ఆ గదికీ ఈ గదికీ మధ్య అద్దం గోడ ఉంది. కొత్తపెళ్ళికూతురు ఇవతల నిలబడి, అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది.

బేకరీ అక్క బాగానే మొదలుపెట్టింది. పుస్తకం చెప్పినట్టు ఖాళీ ఫైలు చేసి, దానికి పేరు పెట్టి, దాన్ని బ్రౌజర్లో తెరిచింది. పుస్తకంలో తర్వాతి మాట: 'ఇప్పుడు మీకు నచ్చిన శీర్షిక రాయండి. బ్రౌజర్లో చూడండి.' ఆమె రాసింది. చూసింది. పేజీ తెల్లగా ఉంది. దుమ్మేమోనని ఏప్రన్ అంచుతో తెర తుడిచింది. తెల్లగానే ఉంది. సరిగ్గా నొక్కలేదేమోనని అదే మాట మళ్ళీ రాసింది, ఈసారి గట్టిగా. తర్వాత ఇంకోసారి. పుస్తకం వైపు చూసింది, తెర వైపు చూసింది, మళ్ళీ పుస్తకం వైపు చూసింది. చివరికి చేతులు కట్టుకుని, పొంగని పిండిని చూసినట్టు తెరను గుడ్లురిమి చూస్తూ కూర్చుంది.

ఇవతల కొత్తపెళ్ళికూతురు అద్దం మీద పట్టిన ఆవిరిని మాటిమాటికీ తుడుస్తోంది. ఇంతదూరం నుంచి తెర మీద ఏముందో కనిపించదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"చెల్లీ, నీ పుస్తకం నాతో మాట్లాడటం లేదు. నేనేదో పాడుచేశానేమో, చూసుకో తల్లీ. బిల్లు మాత్రం నాకు వెయ్యకండి."

"ఏదక్కా, ఏం రాశారో చూడనివ్వండి" అంటూ ఆమె వెళ్ళి కుర్చీ పక్కన వంగింది. వంగిందో లేదో పేజీ మీద వరసగా ప్రత్యక్షమయ్యాయి: మా బేకరీ, మా బేకరీ, మా బేకరీ.

"అమ్మమ్మమ్మ! నువ్వు వచ్చి నిలబడితేనే వచ్చేసిందే! చెల్లీ, నీది మంచి హస్తవాసి. రేపు పొద్దున వచ్చి ఒకసారి నా పొయ్యి కూడా ముట్టుకో."

ముక్కుసూటి సార్ గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. చూశాడన్నమాటే గాని కళ్ళజోడు నుదుటి మీద ఉంది. "ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు సార్. ఊరికే చూశాను." ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమెకు తెలిసింది అంతే.

"నువ్వు చూస్తేనే వస్తుందంటే ప్రతి ఇంటికీ పుస్తకంతోపాటు నిన్ను కూడా పార్సిల్ చెయ్యాలి. ఎక్కడో పల్లెలో ఒక్కర్తే కూర్చున్న పిల్లకు ఈ తెల్లకాగితం కనబడితే ఏమనుకుంటుంది? నాకు చదువు రాదు కాబోలు అనుకుంటుంది. పుస్తకం మూసేస్తుంది. పాతదానికీ నీదానికీ తేడా ఏముంది?" ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావుండేదనిపించింది ఆమెకు. "సోమవారం మళ్ళీ చూద్దాం. అదే ఆఖరు."

మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం. ఆ ఆదివారం పొద్దున్న ఆమె పుస్తకాన్ని ముందునుంచి వెనక్కీ వెనకనుంచి ముందుకీ చదివింది. ప్రతి వాక్యమూ సబబుగానే ఉంది. ఉంటే మరి బేకరీ అక్కకు ఎందుకు రాలేదు? ఆమె అటు తిరిగి ఇటు తిరిగి, తాగుదామని పోసుకున్న టీని పూర్తిగా చల్లార్చి, భర్త మీద పడింది.

"ఏమండీ, మీరొకసారి మొదటి అభ్యాసం చేసి పెట్టండి. కొత్తగా, మొదటినుంచి."

ఆయన పొట్టి కుర్చీలో కూర్చున్నాడు, ఆమె ఎత్తు కుర్చీలో. ఆయన ఏరి ఏరి కొట్టాడు. వెనక్కి వాలాడు. తెర మీద శీర్షిక మెరిసింది.

"చూశారా! ఉందా లోపం? ఎక్కడుంది? వచ్చిందా లేదా మీరే చెప్పండి!" అంది, ఆయనతో కాకుండా ఆఫీసుతో దెబ్బలాడుతున్నట్టు.

ఆయన తెర వైపు కాకుండా తన భుజం వైపు చూసుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మా షాపుకు ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. పిల్ల బోర్డు మీది అక్షరాలు గడగడా చదివేసింది, అట్టడుగు వరసతో సహా. చూపు దివ్యంగా ఉంది, అద్దాలెందుకూ అనుకున్నాను. తీరా చూస్తే వెనక నిలబడ్డ తల్లి పెదవులు కదులుతున్నాయి. పిల్ల ఎదుటి అద్దంలో తల్లి మూతి చూసి చదువుతోంది."

"అయ్యో! తల్లిని అడగలేదా?"

"అడిగాను. నేనెక్కడ చెప్పానండీ అని నా మీదికే వచ్చింది పాపం. ఆవిడకూ తెలియదు మరి. అప్పటినుంచి తల్లుల్ని బయట కూర్చోబెడుతున్నాను."

"ఇప్పుడు ఈ కథ ఎందుకు?"

"చేతులు కట్టుకుని కూర్చో."

"ఎందుకండీ?"

"కూర్చో మేడం. బళ్ళో కూర్చున్నట్టు. చేతులు చంకల్లో పెట్టుకో."

ఆమె కట్టుకుంది. ఆయన మళ్ళీ కొత్త ఫైలు తెరిచి, మళ్ళీ కోడి గింజలు ఏరి, శీర్షిక కొట్టి, వెనక్కి వాలాడు. తెర తెల్లగా ఉంది. ఒక్క క్షణం. చంకలోంచి కప్ప గెంతినట్టు ఆమె చెయ్యి బయటికి గెంతింది. భుజం దాటింది. మీటల మీద వాలబోతుండగా ఆయన దాన్ని గాలిలోనే పట్టుకున్నాడు.

"దొంగ దొరికాడు" అన్నాడు.

ఆమె తన చేతిని తనదే కానట్టు చూసింది. తర్వాత తెల్లటి తెరను చూసింది. తర్వాత పుస్తకం తెరిచి మొదటి అభ్యాసం చదివింది. సేవ్ చెయ్యమని ఎక్కడా లేదు. రిఫ్రెష్ చెయ్యమని ఎక్కడా లేదు. 'రాయండి. చూడండి.' అంతే. మధ్యలో ఉండాల్సినదంతా ఆమె చేతిలో ఉంది, పుస్తకంలో లేదు.

"అంటే... రోజూ ఇలాగే చేశానా?"

"రోజూ."

"మీకు తెలుసా?"

ఆయన ఆ చెయ్యి ఇంకా వదల్లేదు. "మొదట్లో అది పాఠంలో భాగమే అనుకున్నాను. నేను రాయాలి, నువ్వు నొక్కాలి కాబోలు, మొగుడూ పెళ్ళాల పుస్తకం కాబోలు అనుకున్నాను. తర్వాత అనుమానం వచ్చింది. నిజం చెప్పమంటావా? ఆ చెయ్యి ఎప్పుడొస్తుందా అని, కావాలనే కాస్త నెమ్మదిగా కొట్టేవాణ్ణి."

ఆమె మొహం ముందు ఎర్రబడింది. ఆ ఎరుపు సిగ్గో కోపమో ఆమెకే అర్థం కాలేదు. కోపమని తీర్మానించుకుంది.

"ఇక్కడ నా పుస్తకం మునిగిపోతుంటే మీకు సరసమా? రేపు నేను జిగురు డబ్బా పట్టుకుని కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది మీకు!"

"తప్పే. ఒప్పుకున్నాను. ఏ శిక్ష వేస్తావో వెయ్యి."

"ఇవాళంతా ఆ కుర్చీలోంచి లేవడానికి వీల్లేదు!"

"ఇదేం శిక్ష? ఇది వరం" అన్నాడాయన. ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది.

ఆ రోజంతా అలాగే గడిచింది. ఆమె నోటికీ చేతికీ సెలవు. ఆయన పుస్తకం ఏం చెబితే అది, చెప్పినంతే, ఒక్క పిసరు ఎక్కువ లేకుండా చేశాడు. చేసిన ప్రతిచోటా ఏదో ఒకటి ఆగిపోయింది. బొమ్మ అభ్యాసంలో బొమ్మ రాలేదు. బొమ్మను పేజీ ఉన్న ఫోల్డరులోకి తెచ్చిపెట్టింది కూడా ఇన్నాళ్ళూ ఆమె చెయ్యే. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్ళే లింకు పని చెయ్యలేదు. ఆ ఇంకో పేజీని ఆయన పళ్ళు తోముకుంటున్నప్పుడు ఆమే తయారుచేసి పెట్టేది. ఆగిపోయిన ప్రతిసారీ ఆమె తొడ కింద చెయ్యి చేపపిల్లలా గిలగిల కొట్టుకునేది. ఆ చెయ్యి ఎటు పోబోయిందో ఆయన చెప్పేవాడు, అక్కడ పుస్తకంలో ఒక మాట కొత్తగా చేరేది. చివరికి ఆమె చెయ్యే ఆమెకు గురువయింది.

మొదటి అభ్యాసం కింద ఆమె ఇలా రాసింది: 'శీర్షిక రాశారు కదా, ఇప్పుడు బ్రౌజర్లో చూస్తే పేజీ ఇంకా తెల్లగానే ఉంటుంది. కంగారుపడకండి, మీరేమీ పాడుచెయ్యలేదు. మీరు రాసింది కంప్యూటర్‌కు ఇంకా అందలేదు, అంతే. ముందు సేవ్ చెయ్యండి. తర్వాత బ్రౌజర్లోకి వెళ్ళి రిఫ్రెష్ చెయ్యండి.' ఏ మీటలు నొక్కాలో, అవి కీబోర్డు మీద ఎక్కడుంటాయో బొమ్మ గీసి పెట్టింది.

"ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి చెయ్యండి" అంది.

"ఇక నేను పనికిరాను. ఒకసారి చదివిన బోర్డునే మళ్ళీ చదివిస్తే చూపు సంగతి తేలదు. నాకు ఈ కిటుకులన్నీ వచ్చేశాయి. ఏమీ తెలియని మనిషి హోదా పోయింది నాకు" అన్నాడాయన దిగులుగా.

సోమవారం ముక్కుసూటి సార్ మళ్ళీ బేకరీ అక్కనే పిలిపించాడు. "ఆవిడకు ఇప్పటికీ ఏమీ తెలియదు. మొన్న వచ్చిందంతా నీ హస్తవాసే అని వీధంతా చెప్పుకొస్తోంది" అన్నాడు.

కొత్తపెళ్ళికూతురు అద్దం గోడ వైపు చూసింది. అక్కడ నిలబడితే తన చెయ్యి ఊరుకుంటుందన్న నమ్మకం ఆమెకు లేదు. అద్దంలోంచి చెయ్యి దూరదు నిజమే, కానీ ఆవిడ తల తిప్పి తన మొహం చూస్తే? మొహం ఊరుకుంటుందా?

"సార్, నేనిక్కడ ఉండను. ఈవిడ పైన ఉన్నంతసేపూ కింద బేకరీ ఎవరు చూస్తారు? నేను చూస్తాను."

"నీకు బేకరీ పని వచ్చా?"

"రాదు సార్. ఏమీ తెలియదు."

బేకరీ అక్క మెట్ల మీదే నిలబడి అంతా అప్పగించింది. "ధరలు చీటీల మీద ఉన్నాయి. రొట్టె కొయ్యమంటే నువ్వు కొయ్యకు, వేలు తెగుతుంది, నేనొచ్చాక కోస్తానను. కేకులు అడిగితే పెట్టెకు దారం అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు. పొయ్యి ఒక్కసారి ముట్టుకోమన్నానని గుర్తుందిగా?"

"ముట్టుకుంటానక్కా."

"ఆర్పెయ్యకు మళ్ళీ!"

కౌంటర్ వెనక నిలబడ్డాక గాని తెలియలేదు, ఒక పనిలో రెండు చేతులూ ఎంత మొద్దుగా ఉండగలవో. దారం చుడితే జారింది. జారకుండా ముడి వేస్తే, ముడి మీద ముడి పడి, పొట్లం మొత్తం దారం ఉండైంది. బన్నులు కొన్న పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తల్లీ, ఇది తినడానికిచ్చావా, దాచుకోవడానికిచ్చావా?"

"తినడానికేనండీ."

"అయితే కత్తెర కూడా ఇయ్యి."

ఆమె నవ్వుతూ కత్తెర అందించింది గాని మనసు పైకప్పు మీదే ఉంది. పైన కుర్చీ జరిగిన చప్పుడయింది. లేచిందా? విసుగొచ్చి వచ్చేస్తోందా? మెట్ల వైపు చూసింది. ఎవరూ రాలేదు. మళ్ళీ ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం మంచిదో చెడ్డదో తెలియలేదు. మొన్న కూడా బేకరీ అక్క చాలాసేపు నిశ్శబ్దంగానే కూర్చుంది కదా, చేతులు కట్టుకుని, తెల్లటి తెరను చూస్తూ.

భోజనం వేళకు ఆమె భర్త వచ్చాడు, ఏదో కొనడానికి వచ్చినవాడిలా కౌంటర్ ముందు నిలబడ్డాడు.

"ఏం కావాలండీ?"

"ఏముంటే అది. పైన ఏమైంది?"

"ఏమో. దిగలేదు." ఆమె పైకప్పు వైపు చూసింది. "ఇంతసేపా? ఏమైనా ఆగిపోయి ఉంటే? నేనింకా ఏదో మర్చిపోయి ఉంటే? ఒక్కసారి పైకి వెళ్ళి, తలుపు సందులోంచి..."

"చేతులు" అన్నాడాయన.

ఆమె చేతులు కట్టుకుంది.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడయింది. దిగింది బేకరీ అక్క కాదు, ముక్కుసూటి సార్. కళ్ళజోడు ఈసారి ముక్కు మీదే ఉంది. దాంతో ఆయన మొహం కొత్తగా, ఎవరో తెలియనివాడిలా కనిపించి ఆమెకు మరింత భయం వేసింది.

"సార్, ఏమైంది? మొదటి అభ్యాసం వచ్చిందా?"

"మొదటిదా? అది ఎప్పుడో అయిపోయింది. ఆవిడ బొమ్మల దగ్గరుంది. బన్నుల ఫోటో ఒకటి పెట్టింది, నచ్చలేదని తీసేసి ఇంకొకటి పెట్టింది. భోజనం చేసి రమ్మంటే నన్ను కసిరింది. లింకు సంగతి తేలేదాకా లేవదట."

"మధ్యలో ఎక్కడైనా ఆగిందా? ఎవరినైనా పిలిచిందా?"

"పిలవలేదు. మధ్యలో తలుపు తీసి తొంగిచూశాను, తెర తెల్లగా ఉంటే నేనే కంగారుపడ్డాను. ఆవిడే పుస్తకంలో వేలు పెట్టి చూపించింది, ఇదిగో ఇలాగే ఉంటుందని రాశారుగా అని."

"నా గురించి ఏమైనా అడిగిందా?"

"నీ ఊసే ఎత్తలేదు" అన్నాడు ముక్కుసూటి సార్. అంతకు మించి ఆయన ఎవరినీ పొగిడి ఎరగడు. ఆమెకు ఆ సంగతి అర్థమయ్యేలోపు, లోపల ఎక్కడో చిన్నగా చివుక్కుమంది కూడా. తన హస్తవాసిని ఇంత త్వరగా మర్చిపోయిందా అక్క? మరుక్షణమే ఆ చివుక్కుమన్నది ఉబ్బి, ఉబ్బి, పొంగిన పిండిలా గుండె నిండా అయింది.

"సాయంత్రం ప్రెస్సుకు పంపిస్తాను. అడ్రసుల బల్లకు వేరే మనిషిని చూసుకోవాలి" అని ఆయన మళ్ళీ మెట్లెక్కబోయి ఆగాడు. "ఇదిగో, ఆవిడ ఇప్పట్లో దిగేలా లేదు. అంతవరకు ఈ కొట్టు నీదే."

ఆయన వెళ్ళిపోయాడు. భర్త కౌంటర్ మీదుగా చెయ్యి చాపాడు. ఇన్నాళ్ళూ తన భుజం దాటి వచ్చిన ఆ చేతిని, దారం పోగులూ రొట్టె పొడీ అంటుకున్న దాన్ని, పట్టుకున్నాడు.

"పాపం, రేపటినుంచి దీనికి పనిలేదు" అన్నాడు.

"ఎందుకు లేదు? రెండో పుస్తకానికి మళ్ళీ మీరే కూర్చోవాలి."

"నాకు అన్నీ వచ్చేశాయిగా?"

"రెండో పుస్తకంలోవి రావుగా. అందులో మీకు ఒక్క ముక్క తెలియదు."

ఆయన మొహం వెలిగిపోయింది. ఇంతలో వెనక నిలబడ్డ ఒకావిడ దగ్గింది. "అమ్మాయ్, మీ మాటలయ్యాక నాకో కేకు కట్టిస్తావా?"

ఆమె నాలుక కరుచుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది. కేకు పెట్టె తీసి, దారం అడ్డంగా ఒక చుట్టు చుట్టింది. నిలువుగా చుట్టబోతే జారింది. కౌంటర్ అవతలినుంచి భర్త వేలు వచ్చి, ముడి పడే చోట దారం మీద ఆనింది.

"మీరు తియ్యండి. నేనే కడతాను" అంది ఆమె.

ఆయన వేలు తీసేసి చేతులు కట్టుకున్నాడు.